టీ ఇచ్చి ఆపిన పని

ఇల్లు చూడటానికి మొదటి పార్టీ వచ్చిన రోజునే పక్కింటివాళ్ళు పిట్టగోడ కూల్చడం మొదలుపెట్టారు. టైలరమ్మ వీధి తలుపు తీసి లోపలికి రమ్మంది. వచ్చిన ఇద్దరికీ ఆ మాట వినపడలేదు. పెదవులు కదలడం చూసి లోపలికి వచ్చారు. ముందుగదిలో కత్తిరింపు బల్ల మీద ఉన్న కత్తెర ఒక్కో దెబ్బకు ఇంత చొప్పున జరుగుతూ, వాళ్ళు వంటగది చూసి వచ్చేలోగా అంచు దాటి కింద పడింది. వచ్చినాయన దాన్ని తీసి బల్ల మీద పెట్టి, భార్య వైపు చూసి, బయటికి నడిచాడు. ఇల్లంతా చూడటానికి వాళ్ళకు పట్టింది నాలుగు నిమిషాలు.

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ముందుగదిలోనే కుడుతోంది. ఆస్పత్రి నర్సుల యూనిఫారాలు, బడి పిల్లల చొక్కాలు, హోటళ్ళలో పనిచేసేవాళ్ళ కోట్లు. కొలతలు తీసుకునేది ఆ గదిలోనే, బట్ట కోసేది అక్కడే, కుట్టినవి తగిలించేదీ అక్కడే. ఎవరైనా వేసి చూసుకోవాలంటే వంటగదిలోకి వెళ్ళి, తెర లాగి, పొయ్యి పక్కన నిలబడి వేసుకోవాలి. ఒకసారి ఒకాయన కొత్త ప్యాంటుకు అలాగే నూనె మరక అయింది. ఆమె మరో ప్యాంటు కుట్టి ఇచ్చి, ఆయన ముందు నవ్వి, ఆయన వెళ్ళాక తెరను పీకి మళ్ళీ తగిలించింది.

మార్కెట్ వీధి మూలన నోటు పుస్తకాల కొట్టు ఉంది. దాని యజమాని ముసలాయన. వ్యాపారం మానుకుని కొట్టు అమ్మేస్తున్నాడు. కొట్టుకు వీధి వైపు రెండు అద్దాల కిటికీలు, లోపల బట్టలు వేసి చూసుకోవడానికి సరిపోయే గది, పైన ఇద్దరు కాపురం ఉండటానికి రెండు గదులు. ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా టైలరమ్మ మనసులో మిషన్లు సర్దుకుంటూ నడిచేది. ముసలాయన ఆమెకు మాటిచ్చాడు. నెలాఖరు దాకా ఆగుతాను, అప్పటికి బయానా తెస్తే కొట్టు నీది. తేకపోతే ఫోన్లు బాగుచేసే అతను రోజూ వచ్చి కూర్చుంటున్నాడు, అతనికి ఇచ్చేస్తాను.

ఇల్లు అమ్మితే తప్ప బయానా రాదు. ఇల్లు అమ్ముడవాలంటే కొనేవాడు ఆ ఇంట్లో కనీసం పావుగంట నిలబడగలగాలి.

పక్కింటాయనకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఇంట్లో మనుషులు పెరిగారని పైన ఒక అంతస్తు వేస్తున్నాడు. రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే. పెరటి వైపు ఆ గోడ ఛాతీ ఎత్తున ఉంటుంది. మిగతా అంతా ఇళ్ళ మధ్య కలిసిపోయి ఉంటుంది. అక్కడ సుత్తి దెబ్బ పడితే ఇక్కడ గిన్నెలు పలుకుతాయి. టైలరమ్మ వెళ్ళి మాట్లాడింది. పార్టీలు వచ్చే వేళకు కాసేపు ఆపించమని అడిగింది. ఆయన మర్యాదగానే విన్నాడు. తను పగలంతా షాపులో ఉంటానని, పనివాళ్ళను ఆపడం, నడపడం మేస్త్రి ఇష్టమని చెప్పాడు. మూడు నెలల్లో పని అయిపోతుంది, ఆ తర్వాత అమ్ముకోవచ్చు కదా అన్నాడు. ఆమె దగ్గర ఉన్నది ఇరవై ఏడు రోజులు.

సాయంత్రం ఐదింటికి పని ఆగుతుంది. ఆ తర్వాత చూపిద్దామంటే బ్రోకరు ఒప్పుకోలేదు. ఎండైనా వానైనా గొడుగు వదలడు కాబట్టి అతన్ని గొడుగు బ్రోకరు అంటారు. పొద్దుపోయాక చూపిస్తే చీకటి ఇల్లని పేరు పడుతుందని, పేరు పడ్డ ఇంటిని తను అమ్మలేనని అతను తేల్చి చెప్పాడు.

మొగుడితో చెప్పుకుందామంటే ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎంత ఆలస్యమో రాసుకోవడమే పనిగా ఇరవై ఏళ్ళు గడిపిన మనిషికి ఏదీ ఆలస్యమనిపించదు. అవుతుందిలే అంటాడు. ఆ మాట వినగానే ఆమెకు చిర్రెత్తుకొస్తుంది.

టీ సంగతి మొదలుపెట్టింది ఆయనే. ఒక సెలవు రోజున, పాపం ఎండలో చేస్తున్నారని, ఒక కెటిల్ నిండా టీ, ఏడు గ్లాసులు పెరటి గోడ మీద పెట్టాడు. మరుక్షణం చప్పుడంతా ఆగిపోయింది. టైలరమ్మ మిషను ఆపి, ఎవరికైనా దెబ్బ తగిలిందేమోనని పెరట్లోకి పరిగెత్తుకొచ్చింది. మేస్త్రి, ఆరుగురు పనివాళ్ళు ఇటుకల మీద వరసగా కూర్చుని టీ తాగుతున్నారు. పార, తాపీ, సుత్తి, అన్నీ నేల మీద ఉన్నాయి.

అది మేస్త్రి పెట్టిన పద్ధతి. ఎప్పుడో ఒకతను పరంజా మీద ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో తట్ట పట్టుకుని, జారి, కాలు విరగ్గొట్టుకున్నాడట. అప్పటినుంచి మేస్త్రి దగ్గర గ్లాసు పట్టుకున్న చేతిలో పనిముట్టు ఉండకూడదు. ఒకరు తాగుతుంటే ఇంకొకరు పని చేయకూడదు. అందరూ కూర్చుంటారు, అందరూ తాగుతారు, అందరూ లేస్తారు. డిపో అలవాటు కొద్దీ మొగుడు గడియారం చూశాడు. ఇరవై ఎనిమిది నిమిషాలు.

టైలరమ్మ గ్లాసులు కడుగుతూ లెక్క వేసుకుంది. ఇల్లు చూడటానికి పావుగంట. బేరానికి పది నిమిషాలు. గుమ్మం దాకా సాగనంపడానికి మూడు.

మర్నాటి నుంచి అదే పద్ధతి నడిచింది. పార్టీతో వీధి మొదట్లోకి రాగానే బ్రోకరు ఒక్క రింగు ఇచ్చి ఫోను పెట్టేస్తాడు. ఆమె అప్పటికే మరుగుతున్న టీ వడగట్టి గోడ మీద పెడుతుంది, పక్కన బిస్కెట్ల పొట్లం. మేస్త్రి చెయ్యెత్తుతాడు. వీధి అంతా నిశ్శబ్దం. పార్టీ లోపలికి వచ్చి, ఇల్లు చల్లగా ఉందనో, గాలి బాగా వస్తోందనో అంటుంది. గొడుగు బ్రోకరు ఇది ప్రశాంతమైన పేట అంటాడు. టైలరమ్మ నేల చూపులు చూస్తుంది.

కొన్నవాళ్ళు మాత్రం లేరు. ఒకాయనకు మెట్లు నిటారుగా అనిపించాయి. ఒకావిడ అలమరలన్నీ తెరిచి చూసి, వాళ్ళ చెల్లెలికి ఫోను చేసి, మన ఇల్లే నయమే అని చెప్పి వెళ్ళింది. ఇంకొకాయన మొత్తం చూసి, నచ్చిందని చెప్పి, తను కొనేవాణ్ణి కాదని, పక్క వీధిలో తన ఇల్లు అమ్మకానికి ఉందని, ధర ఎంత చెప్పాలో తెలుసుకోవడానికి వచ్చానని చెప్పాడు. అతని కోసం కూడా ఆమెకు ఏడు గ్లాసుల టీ ఖర్చయింది.

ఇటు పనివాళ్ళకు రుచులు తేలాయి. ఇద్దరికి చక్కెర తక్కువ కావాలి. ఒకతను పాలు వద్దన్నాడు. బిస్కెట్లు మెత్తబడ్డాయని మేస్త్రి సున్నితంగానే కబురు పెట్టాడు. రెండు వారాల్లో పద్నాలుగుసార్లు టీ పెట్టిందామె. నర్సుల తెల్లబట్ట మీద దుమ్ము పడకుండా పాత దుప్పట్లు కప్పి, పార్టీ వచ్చినప్పుడు తీసి, వెళ్ళాక మళ్ళీ కప్పి, మధ్యలో టీ పెట్టి. తల ప్రాణం తోకకొచ్చింది.

పద్దెనిమిదో తారీఖున కాలేజీ గుమాస్తా, ఆయన భార్య వచ్చారు. ఇల్లు చూశారు, కూర్చున్నారు, మంచినీళ్ళు అడిగి తాగారు. కొనేవాళ్ళే మంచినీళ్ళు అడుగుతారని బ్రోకరు తర్వాత చెప్పాడు. ధర కూడా దాదాపు కుదిరింది. రెండు రోజుల్లో బయానాతో వస్తామన్నారు. టైలరమ్మ ఆ సాయంత్రం మార్కెట్ వీధికి వెళ్ళి, టేపు తీసి, కొట్టు కిటికీ వెడల్పు బయటి నుంచే కొలుచుకుని వచ్చింది.

వాళ్ళు రెండు రోజులు ఆగలేదు. మర్నాడు పొద్దున పదిన్నరకు, ఫోను లేకుండా, బ్రోకరు లేకుండా, పరదాలకు కొలతలు తీసుకోవడానికి వచ్చారు. పరదాలు తననే కుట్టమంటామని గుమాస్తా భార్య చెప్పింది. చెప్పిందని టైలరమ్మ ఊహించింది. పక్కన కాంక్రీటు పగలగొట్టే మిషను నడుస్తోంది.

గుమాస్తా గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి వణికింది. ఇదేమిటని సైగ చేశాడు. ఇవాళ ఒక్కరోజే, రేపటితో అయిపోతుంది అని ఆమె ఆయన చెవి దగ్గరికి వెళ్ళి అరిచింది. అరవకుండా ఉండాల్సింది. ఆ గొంతు పెరటి దాకా వెళ్ళింది. మిషను ఆగింది. గోడ మీద మేస్త్రి తల కనిపించింది.

"టైలరమ్మా, పార్టీ వస్తోందని ముందే చెప్పొద్దా? టీ రాలేదు కదా, ఇవాళ ఎవరూ లేరనుకుని మిషను వేశాం. కంగారుపడకండి, వాళ్ళు వెళ్ళేదాకా ఆపేస్తాలెండి" అన్నాడు. అతను సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

గుమాస్తా టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"చప్పుడు సంగతి కాదండీ. కడుతున్నారంటే చప్పుడు ఉంటుంది, అది మాకూ తెలుసు. దాన్ని ఆపించి చూపించినవాళ్ళు ఇంకేం దాచారో అని" అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు. మొగుడు డిపో నుంచి వచ్చేదాకా ఆమె ఒక్క కుట్టు కూడా వేయలేదు. ఆయన రాగానే, మిమ్మల్ని ఎవరు టీ పెట్టమన్నారు అని మొదలుపెట్టింది. నేను పెట్టింది ఒక్కసారే, మిగతా పద్నాలుగు నువ్వే కదా అన్నాడాయన. ఆ లెక్క నిజమే కావడంతో ఆమెకు ఒళ్ళు ఇంకా మండింది.

మరో రెండు రోజులకు కళ్ళజోళ్ళాయన వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, వీధి గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు.

"చెల్లెమ్మా, నీ ఇల్లు అమ్ముడవుతోందో లేదో నాకు తెలియదు. నా ఇల్లు మాత్రం లేవడం లేదు."

"అదేంటన్నయ్యగారూ, నేనేం చేశాను?"

"టీ చేశావు."

ఆయన చెప్పింది ఇది. పనివాళ్ళను ఆయన గుత్తకు కాకుండా రోజు కూలీకి పెట్టుకున్నాడు. గుత్త అయితే హడావిడిగా కట్టి పోతారని, రోజు లెక్కయితే నెమ్మదిగా, గట్టిగా కడతారని ఆయన ఆలోచన. నెమ్మదిగానే కడుతున్నారు. టీకి పోయింది రోజుకు అరగంట అనుకుంటే పొరపాటు. సిమెంటు కలిపాక అరగంట వదిలేస్తే గట్టిపడిపోతుంది. అందుకని టీ వస్తుందేమోనన్న అనుమానం ఉన్నంతసేపూ మేస్త్రి కొత్త మాలు కలపనివ్వడు. ఏడుగురూ చేతులు కట్టుకుని పెరటి గోడ వైపు చూస్తూ ఉంటారు. టీ వస్తే తాగుతారు, రాకపోతే మధ్యాహ్నానికి గానీ మాలు కలపరు. కిటికీల పైదాకా లేవాల్సిన గోడలు నడుము దాకా వచ్చి ఆగాయి. మూడు నెలలన్నది ఇప్పుడు ఐదు అంటున్నారు.

అంటే ఆమె ఇరవై ఎనిమిది నిమిషాల నిశ్శబ్దం కొనుక్కుంటూ, దాంతో పాటు రెండు నెలల చప్పుడు కూడా కొనుక్కుంది.

రేపటినుంచి వాళ్ళను గుత్తకు మారుస్తున్నానని కళ్ళజోళ్ళాయన చెప్పాడు. టీ ఇక పంపొద్దన్నాడు. ఆయన మాట కఠినంగా లేదు. అది ఆమెకు ఇంకా కష్టంగా ఉంది.

మర్నాడు మేస్త్రి గుత్తకు చేయనన్నాడు. ఏడుగురూ పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయారు. పక్కింటి పైన నడుమెత్తు గోడలు, వాటి మూలల్లో ఆకాశంలోకి లేచిన ఇనుప చువ్వలు మిగిలాయి. టైలరమ్మకు మొదటి రోజు ఆ నిశ్శబ్దం నమ్మబుద్ధి కాలేదు. రెండో రోజు దుప్పట్లు మడిచి లోపల పెట్టింది. మూడో రోజు నాలుగు యూనిఫారాలు కుట్టి, బ్రోకరుకు తనే ఫోను చేసి, ఇక ఏ వేళకైనా సరే ఎవరినైనా తీసుకురమ్మంది.

మంగళవారం అతను కరెంటు లైన్‌మన్‌ను తీసుకొచ్చాడు. కొట్టు గడువు శుక్రవారం.

లైన్‌మన్ ముందు వీధిలో నిలబడి స్తంభం చూశాడు, తీగలు చూశాడు, మీటరు చూశాడు. లోపలికి వచ్చి గదులు చూశాడు. మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళాడు. అక్కడినుంచి పక్కింటి చువ్వల వైపు చాలాసేపు చూసి దిగాడు.

"అమ్మా, పక్కన పని ఎందుకు ఆగింది?"

పనివాళ్ళు మారుతున్నారని ఆమె చెప్పింది.

"తగాదా ఏమైనా ఉందా? హద్దు గొడవ? కోర్టు?"

అలాంటిదేమీ లేదని ఆమె, బ్రోకరు ఒకేసారి అన్నారు. ఇద్దరూ ఒకేసారి అనడం వల్ల అది అబద్ధంలా వినిపించింది.

లైన్‌మన్ కూర్చుని తన సంగతి చెప్పాడు. వాళ్ళ బావ ఇంటి పక్కన ఇలాగే చువ్వలు లేపి వదిలేశారట. అన్నదమ్ముల తగాదా. తొమ్మిదేళ్ళు అలాగే ఉంది. ఆ సగం గోడల్లో నిలిచిన వాన నీళ్ళన్నీ బావ గోడలోకి దిగాయి. చెప్పుకుందామంటే అటు మనిషే లేడు.

"చప్పుడు ఉంటే నాకు ఇబ్బంది లేదమ్మా. పగలంతా స్తంభాల మీదే ఉంటాను. పని జరుగుతుంటే ఎప్పటికో అప్పటికి అయిపోతుంది. ఆగిపోయిన ఇంటి పక్కన మాత్రం నేను కొనను" అన్నాడు. శుక్రవారం పొద్దున మళ్ళీ వస్తానని, అప్పటికి పని నడుస్తుంటే బయానా తెస్తానని చెప్పి వెళ్ళాడు.

గొడుగు బ్రోకరు గుమ్మంలో ఆగి, చప్పుడు కావాలనే పార్టీని తన జన్మలో చూడలేదన్నాడు. ఆమె తలుపు వేసింది.

మేస్త్రి ఒక ఆస్పత్రి వరండాలో టైల్స్ వేస్తున్నాడు. బుధవారం ఆమె అక్కడికి వెళ్ళింది. లైన్‌మన్ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నెల రోజులు ఆపండి ఆపండి అని చుట్టూ తిరిగిన మనిషి, ఇప్పుడు చప్పుడు చేయమని ఏ మొహంతో అడుగుతుంది? అందుకని అన్నయ్యగారి ఇల్లు సగంలో ఆగిపోవడం బాగాలేదని, మనసుకు కష్టంగా ఉందని చెప్పింది.

మేస్త్రి టైలు కింద ఇసుక సరిచేస్తూ విన్నాడు. గుత్త అంటే పరుగు అన్నాడు. పరిగెత్తించి మనుషుల కాళ్ళు విరగ్గొట్టలేనన్నాడు. రోజు కూలీ అయితేనే వస్తాను, ఆయన్ని ఒప్పించుకోండి అన్నాడు.

అక్కడినుంచి ఆమె కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళింది. రోజు కూలీ అంటే మళ్ళీ గోడ వైపు చూస్తూ కూర్చోవడమేనని ఆయన అన్నాడు. టీ రోజుకు రెండే సార్లు, పదింటికి ఒకసారి, మూడున్నరకు ఒకసారి, పావుగంటకు మించకుండా తనే ఇస్తానని, వేళ ముందే తెలుస్తుంది కాబట్టి మాలు కలపడానికి భయం ఉండదని ఆమె చెప్పింది.

"చెప్పడానికి బాగానే ఉంది. పావుగంటని పావుగంటగా ఉంచేదెవరు? నేను షాపు వదిలి రాలేను" అన్నాడాయన.

"నేను చూసుకుంటాను."

"నువ్వా?"

"నేనే అన్నయ్యగారూ. పొద్దున పని మొదలయ్యే దగ్గర్నుంచి."

ఆయన కళ్ళజోడు కిందికి దించుకుని ఆమెను చూశాడు. ఒప్పుకున్నాడు. మేస్త్రికి ఆస్పత్రిలో గురువారం దాకా పని ఉంది. శుక్రవారం వస్తామన్నాడు.

శుక్రవారం ఎనిమిదింటికి ఎవరూ రాలేదు. ఎనిమిదింబావుకు మొగుడు, వస్తారులే అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఎనిమిదీ నలభైకి మేస్త్రి ఆరుగురితో వచ్చాడు. తొమ్మిదింటికి డ్రిల్లు మొదలైంది. వెంటనే సుత్తి. ఆ తర్వాత మిక్సరు. గిన్నెలు పలికాయి. బల్ల మీద కత్తెర కదిలింది. టైలరమ్మ దాన్ని తీసి సొరుగులో పెట్టి, నెల రోజుల్లో మొదటిసారి ఆ చప్పుడు వింటూ కుర్చీలో కూర్చుంది.

తొమ్మిదీ ఇరవైకి లైన్‌మన్ గుమ్మంలో అడుగుపెట్టాడు, వెనక గొడుగు బ్రోకరు. ఆ క్షణానే చప్పుడంతా ఆగిపోయింది. డ్రిల్లు ఆగింది, సుత్తి ఆగింది, మిక్సరు చివరి చుట్టు తిరిగి నిలిచింది. లైన్‌మన్ తల పైకెత్తి, ఏదో అర్థమైనవాడిలా ఆమె వైపు చూశాడు.

టైలరమ్మ మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. మేడ మీద నుంచి చూస్తే పక్కన మేస్త్రి ఇంకా చెయ్యెత్తే ఉన్నాడు.

"ఎందుకు ఆపారు?"

"వీధి మొదట్లో గొడుగు కనిపించింది. పార్టీ వచ్చినట్టుందిగా" అన్నాడు మేస్త్రి. "మీరు చెప్పకపోయినా నేనే ఆపించా."

"వచ్చారు మేస్త్రీ. అందుకే కొట్టండి."

"అంటే?"

"కొట్టండి. డ్రిల్లు వేయండి, మిక్సరు తిప్పండి, ఏది ఉంటే అది. ఆపారంటే నా కొట్టు పోతుంది. కొట్టండి మేస్త్రీ, మీకు దణ్ణం పెడతా."

మేస్త్రి పనివాళ్ళ వైపు చూశాడు. పనివాళ్ళు ఆమె వైపు చూశారు. పాలు వద్దనే అతను ముందు సుత్తి తీశాడు.

ఆమె దిగేసరికి ఇల్లు మళ్ళీ వణుకుతోంది. లైన్‌మన్ మేడ మెట్ల కింద నిలబడి మొత్తం విన్నాడు. బ్రోకరు గొడుగు పట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఇక దాచడానికి ఏమీ లేదు. ఆమె లైన్‌మన్‌ను పెరట్లోకి తీసుకెళ్ళి, ఆయన చెవి దగ్గర, మొదటి నుంచీ చెప్పింది. కెటిల్, ఏడు గ్లాసులు, గుమాస్తా, గట్టిపడిన సిమెంటు, గుత్త. చెప్పాల్సినవన్నీ చెప్పి, చెప్పనక్కర్లేనివి కూడా చెప్పింది. పడమటి కిటికీ వానాకాలంలో బిగుసుకుపోతుందని చెప్పింది. లైన్‌మన్ నవ్వలేదు. తగాదా లేదన్నమాట అన్నాడు. అది ఆమెకు వినపడలేదు. రెండోసారి అన్నాడు.

బేరం ముందుగదిలో, బల్ల దగ్గర జరిగింది. ఆయన ఒక అంకె చెప్పాడు, ఆమెకు వినపడలేదు. ఆమె ఒకటి చెప్పింది, ఆయనకు వినపడలేదు. ఆమె బట్ట మీద గీతలు గీసే సుద్ద ముక్క ఆయన చేతికిచ్చింది. బల్ల మీద హోటలు మేనేజరు కోటు కోసం పరిచిన నల్లబట్ట ఉంది. ఆయన దాని మీద అంకె రాశాడు. ఆమె కొట్టేసి కింద ఇంకొకటి రాసింది. అలా నాలుగుసార్లు. ఐదోదాని కింద ఆయన గీత గీసి సుద్ద వెనక్కిచ్చాడు.

కాగితం రాసేటప్పుడు లైన్‌మన్ ఒక షరతు పెట్టించాడు. బయానా ఇప్పుడే ఇస్తాడు. రిజిస్ట్రేషను మాత్రం పక్కింటి పై అంతస్తుకు ఆఖరి ప్లాస్టరింగు అయిన రోజున. అప్పటిదాకా ఇల్లు టైలరమ్మ వాళ్ళే వాడుకోవచ్చు. పక్కన పని వరసగా పది రోజులు ఆగిందంటే బయానా తిరిగి ఇచ్చేయాలి.

మొగుడు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆమెను పక్కకు పిలిచి, మన చేతిలో లేనిదానికి మనం ఎలా సంతకం పెడతాం అని అడిగాడు. ఇంతవరకూ ఆయన అడిగిన వాటిలో సరైన ప్రశ్న అదొక్కటే. డబ్బు కొట్టుకు కట్టేశాక తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగలదు. అది ఆమెకూ తెలుసు.

"మన చేతిలోకి తెచ్చుకుందాం" అని చెప్పి ఆమె సంతకం పెట్టింది.

నాలుగింటికి మార్కెట్ వీధికి వెళ్ళేసరికి ఫోన్లు బాగుచేసే అతను కొట్టులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముసలాయన బయానా తీసుకుని, మిగతాది ఇంటి రిజిస్ట్రేషను అయ్యాక ఇస్తే చాలని, తాళం చెవుల్లో ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. ఫోన్లతను లేచి, స్టూలు దులిపి, ఆమెకు జరిపాడు. ఆమె కూర్చోలేదు. మేస్త్రి ఐదింటికి ముందే పని ఆపుతాడేమోనన్న భయంతో ఇంటికి పరిగెత్తింది.

మిషన్లు వారంలో కొట్టుకు చేరాయి. ఆమె పడక మాత్రం ఇంకా పాత ఇంట్లోనే. రోజూ ఏడూ యాభైకి మేడ ఎక్కుతుంది. పనివాళ్ళు ఎంతమంది వచ్చారో చూస్తుంది. సిమెంటు బస్తాలు ఎన్ని ఉన్నాయో చూస్తుంది. పదింటికి, మూడున్నరకు కొట్టు మూసి, టీతో వచ్చి, పావుగంట కాగానే గ్లాసులు లాక్కుంటుంది. ఇసుక అయిపోయిన రోజున ఇసుక బండివాడితో తనే పోట్లాడింది. ఇల్లు ఎవరిదో తెలియక అతను ఆమెకే బిల్లు రాశాడు.

కొట్టు తెరిచిన రెండో వారంలో ఒకరోజు ఎనిమిదీ ఐదుకు మిక్సరు ఇంకా కదల్లేదు. ఆమె మేడ మీద నుంచి కేకేసింది. మేస్త్రి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"టైలరమ్మా, మీరు ఆగమంటే ఆగాం. ఇప్పుడు ఆగితే తిడుతున్నారు. ఏదో ఒకటి తేల్చి చెప్పండి."

"తేల్చే చెబుతున్నా. ఎనిమిదయింది."

"ఐదు నిమిషాలేగా."

"ఐదు నిమిషాలని మా ఆయనతో చెప్పుకోండి. నాతో కాదు."

కింద తలుపు తెరుచుకుంది. కళ్ళజోళ్ళాయన పెరట్లోకి వచ్చి, పైకి చూసి, చెల్లెమ్మా, కాస్త మెల్లగా అరవమ్మా, ఇంట్లోవాళ్ళు ఇంకా లేవలేదు అన్నాడు.

టైలరమ్మ చేతి గడియారం చూసుకుంది. కొట్టు తెరవడానికి ఇంకా గంట ఉంది. మిక్సరు తిరగడం మొదలయ్యేదాకా ఆమె అక్కడే నిలబడింది.